మళ్ళీ పాతవి బిగించి చూశారా? ఆఫ్‌రోడ్ షాక్‌ల పోలిక గురించి మాట్లాడిన మాటలు

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినబడుతోందా? ఫ్యాన్ల సౌండ్ ఎక్కువగా ఉంది, వినబడకపోతే చెయ్యెత్తండి, ఇంకొంచెం గట్టిగా మాట్లాడతాను.

పొద్దున మీరంతా బండ్లు పెడుతున్నప్పుడు వరసగా చక్రాల వెనక్కి తొంగిచూసుకుంటూ వచ్చాను. సగానికి పైగా బండ్లకి కంపెనీ నుంచి వచ్చిన షాక్‌లు, అంటే షాక్ అబ్జార్బర్లు, లేవు. పసుపు, నీలం, ఎరుపు, బంగారు రంగువి కూడా ఒక సెట్ కనబడింది. మార్చినవాళ్ళని ఎవర్ని కదిలించినా "అన్నా, నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా" అంటారు. గమనించారో లేదో, ఏ బ్రాండ్ వేసినా ఇదే మాట. తక్కువలో తక్కువ రేటుది వేసినాయనదీ అదే మాట, లక్ష పైన పెట్టినాయనదీ అదే మాట. అన్నీ ఒకేలాగ అద్భుతంగా ఉండవు కదా, మరి అందరికీ అలాగే ఎందుకు అనిపిస్తోంది? ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

ముందు నా సంగతి చెప్తాను. నా మారుతి జిమ్నీ 45 వేల కిలోమీటర్లు తిరిగాక కంపెనీ షాక్‌లు తీసేసి మంచి పేరున్న సెట్ ఒకటి వేశాను. పేరు చెప్పను, అది వాళ్ళ తప్పు కాదు. వేసిన రోజే వికారాబాద్ వైపు మొరం రోడ్డు మీద తిరిగొచ్చి మన గ్రూపులో ఇంత పొడుగు మెసేజ్ పెట్టాను, బండి కొత్తదైపోయింది, పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం జరిగింది అని. మా బావమరిది నా మాట నమ్మి అదే సెట్ కొన్నాడు, 60 వేల దాకా అయ్యింది వాడికి. వాడి బండి అప్పటికి తిరిగింది ఆరు వేలే. వారం తర్వాత ఇంటికొచ్చి "బావా, నాకేం పెద్ద తేడా తెలియట్లేదు, స్పీడ్ బ్రేకర్ల దగ్గర కొంచెం గట్టిపడినట్టు కూడా ఉంది" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేను టెస్ట్ ల్యాబ్‌లో పదేళ్ళు పనిచేసినవాణ్ణి, ఈ పొరపాటు నేను చెయ్యకూడదు. అప్పుడు షోరూం నుంచి కొత్త కంపెనీ షాక్‌లు నాలుగు తెప్పించి నా బండికి వేసి, అదే రోడ్డు మీద, అదే స్పీడులో తిరిగాను. నేను ముందు పొగిడిన తేడాలో ఎక్కువ భాగం ఈ మామూలు కంపెనీ షాక్‌లతోనే వచ్చేసింది. అంటే నేను రెండు బ్రాండ్లని పోల్చలేదు, అరిగిపోయిన వస్తువుని కొత్త వస్తువుతో పోల్చాను. మనలో నూటికి తొంభై మంది చేసేది ఇదే అని నా నమ్మకం.

సరే, షాక్ చేసే పనేంటో ఒక్క నిమిషంలో చెప్పి ముందుకెళ్తాను, అది తెలియకపోతే టెస్ట్ ఎక్కడ తప్పుతుందో తెలియదు. బండి బరువు మోసేది స్ప్రింగు, పాత బండ్లలో అయితే కమాన్ కట్టలు. షాక్ బరువు మొయ్యదు, స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపుతుంది. లోపల పిస్టన్‌కి చిన్న దారులుంటాయి, వాటి మీద పల్చటి స్టీలు బిళ్ళలుంటాయి, ఆయిల్ ఆ బిళ్ళల్ని వంచుకుని అవతలికి దూరాలి. ఆ దూరడంలో పడ్డ శ్రమంతా వేడి అవుతుంది. షాక్ అంటే ఊపుని వేడిగా మార్చే మిషన్, అంతే.

ఇప్పుడు మొరం రోడ్డు తీసుకోండి. లారీలు తిరిగి తిరిగి సిమెంటు రేకుల్లాగా అలలు పడిపోయి ఉంటుంది చూడండి, ఆ రోడ్డు. అలకీ అలకీ మధ్య 75 సెంటీమీటర్లు అనుకుందాం, గంటకి 40 కిలోమీటర్లలో వెళ్తే సెకనుకి 11 మీటర్లు, అంటే సెకనుకి ఇంచుమించు 15 దెబ్బలు, కిలోమీటర్‌కి 1,333 దెబ్బలు. చక్రం, యాక్సిల్ కలిసి సహజంగా ఎగిరే వేగం కూడా సెకనుకి 10 నుంచి 15 సార్ల మధ్యలోనే ఉంటుంది, అందుకే ఆ రోడ్డు మీద ఆ స్పీడులో స్టీరింగ్ చేతిలో నిలవదు. ఒక షాక్ ఎక్కువలో ఎక్కువ 100 కిలోల బలంతో, సెకనుకి 30 సెంటీమీటర్ల వేగంతో పైకీ కిందకీ ఆడుతోందనుకుంటే సగటున 150 వాట్ల వేడి పుడుతుంది. వెనకటి పెద్ద ఫిలమెంట్ బల్బు ఒకటి షాక్ లోపల ఆరకుండా వెలుగుతున్నట్టు లెక్క. ఆయిల్ వేడెక్కితే పల్చబడుతుంది, పల్చబడితే అవే దారుల్లోంచి తేలిగ్గా జారిపోతుంది, షాక్ మెత్తబడిపోతుంది. దానికితోడు కొన్నింటిలో గాలి ఆయిల్‌లో కలిసి నురగ వస్తుంది, నురగకి పట్టు ఉండదు.

కాబట్టి ఐదు నిమిషాలు తిరిగొచ్చి చెప్పే మాటకి విలువ చాలా తక్కువ. ఆ ఐదు నిమిషాల్లో చల్లటి షాక్‌లని పోల్చారు. ఆఫ్‌రోడ్ షాక్‌కి డబ్బులు పెట్టేదే రెండో గంట కోసం. తర్వాత మేం కొందరం కలిసి రెండు సెట్లు టెస్ట్ చేసినప్పుడు పద్ధతి ఏం పెట్టుకున్నామంటే, ముందు చల్లగా ఒక రౌండు, తర్వాత ఆపకుండా అరగంట అదే అలల రోడ్డు మీద ముందుకీ వెనక్కీ తిరగడం, ఆగీ ఆగకుండానే వెంటనే మళ్ళీ కొలిచే రౌండు. చల్లగా ఉన్నప్పుడు నంబర్ కన్నా, చల్లదానికీ వేడిదానికీ మధ్య ఎంత పడిపోయింది అనేదే నేను ఎక్కువ చూస్తాను.

వేడి అనగానే మనవాళ్ళు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తీసుకుని షాక్ మీద గురిపెడతారు. "దీనిది 60 డిగ్రీలు, దానిది 80, ఇదే మంచిది" అంటారు. ఇక్కడ రెండు తప్పులున్నాయి. ఒకటి, మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ నిజం చెప్పదు, బాగా తక్కువ చూపిస్తుంది, పెయింట్ వేసిన షాక్ మీద దాదాపు సరిగ్గా చూపిస్తుంది. రెండు షాక్‌లకీ ఒకేరకం మాస్కింగ్ టేప్ ముక్క అంటించి దాని మీద కొలవాలి. రెండోది ఇంకా ముఖ్యం. ట్విన్ ట్యూబ్‌లో ఒక గొట్టంలో ఇంకో గొట్టం ఉంటుంది, పనిచేసే ఆయిల్ లోపలి గొట్టంలో, దాని చుట్టూ మళ్ళీ కొంత ఆయిల్, గ్యాస్. మోనోట్యూబ్‌లో ఒకటే గొట్టం, పనిచేసే ఆయిల్ నేరుగా బయటి గోడకి తగులుతుంది. అంటే మోనోట్యూబ్ బయట ఎక్కువ వేడిగా ఉందంటే లోపలి వేడిని బయటికి తోసేస్తోందని అర్థం కావచ్చు, ట్విన్ ట్యూబ్ బయట చల్లగా ఉందంటే వేడి లోపలే ఇరుక్కుపోయిందని అర్థం కావచ్చు. రెండు వేరే రకాలని చర్మం మీద జ్వరం చూసి పోల్చడం కుదరదు. ఒకే రకం రెండైతే సరే, చూసుకోండి.

మోనోట్యూబ్ మాట వచ్చింది కాబట్టి. ఎక్కువ ఒత్తిడి గ్యాస్ పెట్టి ఒకటే గొట్టంతో చెయ్యడం అనే ఆలోచన ఫ్రాన్స్‌కి చెందిన ద కార్బన్ అనే ఇంజినీర్‌ది, దాన్ని బిల్‌స్టైన్ వాళ్ళు తీసుకుని 1957లో మెర్సిడెస్ కార్లలో పెట్టారు. ఆ గ్యాస్ వల్ల మన పోలికలో ఒక దొంగ తేడా వస్తుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 14 మిల్లీమీటర్ల రాడ్, లోపల 20 బార్ ప్రెషర్ అనుకోండి, ఆ రాడ్‌ని గ్యాస్ దాదాపు 31 కిలోల బలంతో ఎప్పుడూ బయటికి తోస్తూ ఉంటుంది. నాలుగు షాక్‌లు కలిపి 120 కిలోల పైన. జిమ్నీ బరువే 1200 కిలోల చుట్టుపక్కల, కాబట్టి స్ప్రింగులు ముట్టుకోకపోయినా బండి కాస్త పైకి లేస్తుంది. లేచిన బండి కిందకి కొట్టుకోవడం తగ్గుతుంది, ఆ మార్కులు షాక్ వాల్వింగ్‌కి, అంటే లోపలి బిళ్ళల అమరికకి, పడిపోతాయి. అందుకని షాక్ మార్చాక ఫెండర్ అంచు నుంచి చక్రం మధ్యకి టేపు పెట్టి కొలిచి రాసుకోండి, నాలుగు మూలలా.

ఇంకోటి కూడా ఈ గ్యాస్ వల్లే. షాపులో కౌంటర్ మీద రెండు షాక్‌లు పెట్టి "నొక్కి చూడండి సార్" అంటాడు. మోనోట్యూబ్ తిరగబడి తోస్తుంది, మామూలుది నొక్కినచోటే ఉండిపోతుంది, మనం ఓహో ఇది స్ట్రాంగ్ అనుకుంటాం. మీరు తోసింది గ్యాస్‌ని, వాల్వుని కాదు. చేత్తో నొక్కే వేగం ఎంత, గుంతలో పడ్డప్పుడు పిస్టన్ కదిలే వేగం ఎంత? ఆ వేగాల్లో వాల్వు అసలు వేరేలా పనిచేస్తుంది. పైగా ట్విన్ ట్యూబ్‌ని డబ్బాలో పడుకోబెట్టి పంపుతారు, లోపలి గొట్టంలోకి గాలి చేరి ఉంటుంది, నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కితేగానీ అది సర్దుకోదు. అది చెయ్యకుండా నొక్కి చూసి ఇది బోగస్ అనేసినవాళ్ళని నేను చూశాను.

మీరు టెస్ట్ చెయ్యాలనుకుంటే ఏ బండి మీద చేస్తున్నారో కూడా ఆలోచించండి. 2020 తర్వాత వచ్చిన థార్‌లో షాక్, స్ప్రింగు కలిసి ఒకటే కట్టగా ఉంటాయి, బయట దొరికే కిట్లు చాలావరకు స్ప్రింగులతో సహా వస్తాయి, బండిని రెండు అంగుళాలు పైకి లేపే లిఫ్ట్‌తో. అప్పుడు మీరు పోల్చేది షాక్‌ని కాదు, కిట్‌ని. కిట్‌ని కిట్‌తో పోల్చడం తప్పు కాదు, కానీ మాట కూడా అలాగే చెప్పాలి. జిమ్నీలో ముందూ వెనకా గట్టి యాక్సిలే, స్ప్రింగు వేరు, షాక్ వేరు, స్ప్రింగు కదపకుండా షాక్ మార్చొచ్చు, అందుకే మేం జిమ్నీ మీద చేశాం. ఒక బండిలో వచ్చిన ఫలితం ఇంకో బండికి మోసుకెళ్ళొద్దు. షాక్‌ని నిటారుగా బిగిస్తే ఒకలా పనిచేస్తుంది, అదే షాక్‌ని 45 డిగ్రీలు వాల్చి బిగిస్తే చక్రం దగ్గరకి వచ్చేసరికి దాని ప్రభావం సగమే మిగులుతుంది.

బుష్‌లు, అంటే షాక్‌ని బండికి బిగించే చోట ఉండే రబ్బరు ముక్కలు. కొత్త షాక్‌తో కొత్త రబ్బరు బుష్‌లు వస్తాయి, పాతవాటివి పగిలి ఉంటాయి, టకటక సౌండ్ పోయిందంటే సగం ఘనత రబ్బరుది. బిగించేటప్పుడు బండి జాకీ మీద ఉండగానే చివరి టైట్ ఇచ్చేస్తే బుష్ మెలితిరిగి ఉండిపోతుంది, బండి నేల మీదకి దించి దాని బరువు మీద నిలబడ్డాక టైట్ చెయ్యాలి. రెండు సెట్లకీ ఇలాగే చెయ్యాలి, ఒకదానికి చేసి ఇంకోదానికి మర్చిపోతే టెస్ట్ పోయినట్టే.

టైర్ల గాలి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆఫ్‌రోడ్‌లో టైరే మొదటి షాక్ అబ్జార్బర్. 26 పీఎస్‌ఐ పెట్టి పొద్దున మొదలుపెడతారు, ఎండ ముదిరి, టైర్లు నలిగి వేడెక్కేసరికి అదే 29, 30 అవుతుంది. పది డిగ్రీల వేడికి ఒక పీఎస్‌ఐ పైనే పెరుగుతుంది. పొద్దున ఒక బ్రాండ్, భోజనాలయ్యాక ఇంకో బ్రాండ్ వేసి చూసినవాళ్ళు నిజానికి 26నీ 30నీ పోల్చారు, మధ్యాహ్నంది ఏదైనా సరే గట్టిగానే అనిపిస్తుంది. ప్రతి రౌండు ముందూ గేజి పెట్టి ఒకే నంబర్‌కి తెచ్చుకోవడమే. గేజి కూడా ఒకటే ఉండాలి. పెట్రోలు కూడా చూసుకోవాలి, జిమ్నీ ట్యాంకు 40 లీటర్లు, నిండుకీ ఖాళీకీ 30 కిలోల దాకా తేడా. వెనక సీట్లో ఫ్రెండు ఎక్కితే 80 కిలోలు. ఎక్కితే అన్ని రౌండ్లలో ఎక్కాలి, లేకపోతే అసలు ఎక్కకూడదు. స్పీడు మీటర్ నమ్మకుండా జీపీఎస్ స్పీడ్ చూడండి, పెద్ద టైర్లు వేసినవాళ్ళది మీటర్ తక్కువ చూపిస్తుంది. అలల రోడ్డు మీద 30కీ 45కీ అసలు పోలికే ఉండదు, ఒక స్పీడ్ దాటాక బండి అలల మీద తేలిపోతుంది, కాబట్టి ఒక డ్రైవర్ కాస్త ధైర్యంగా తొక్కితే చాలు, ఆయన నడిపిన షాక్ మంచిదైపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, వరస. రోడ్డు మారుతుంది, మీరు పదిసార్లు తిరిగితే అలలు ఇంకా లోతవుతాయి, కొన్నిచోట్ల మొరం లేచిపోతుంది. డ్రైవర్ కూడా మారతాడు, ఏ గుంత ఎక్కడుందో తెలిసిపోతుంది, చెయ్యి తనంతట తానే తప్పించేస్తుంది. కాబట్టి రెండోసారి వేసిన షాక్‌కి ఎప్పుడూ వేరే రోడ్డు, వేరే డ్రైవర్ దొరుకుతారు. దీనికి మందు ఒకటే, తిరిగి మొదటిదానికి రావడం. ఒక సెట్ పేరు 'ఏ', ఇంకోదాని పేరు 'బీ' అనుకుందాం. 'ఏ' వేసి చూశారు, 'బీ' వేశారు, ఇంకోసారి 'బీ', మళ్ళీ 'ఏ'. 'ఏ' వచ్చింది ఒకటో రౌండు, నాలుగో రౌండు, కలిపితే ఐదు. బీ వచ్చింది రెండు, మూడు, కలిపితే ఐదు. రోడ్డు మెల్లగా చెడిపోతూ ఉంటే ఆ నష్టం ఇద్దరికీ సమానంగా పంచబడుతుంది. మొదటి ఏకీ చివరి ఏకీ మధ్య ఎంత తేడా వచ్చిందో అది మీ టెస్ట్‌లో ఉన్న మురికి. ఏకీ బీకీ మధ్య తేడా ఆ మురికికంటే పెద్దది కాకపోతే మీరేం కనిపెట్టలేదన్నట్టే, "తేడా తెలియలేదు" అని రాయాలి. అలా రాయడానికి ఎవరికీ మనసొప్పదు, అంత డబ్బు పెట్టాక అస్సలు ఒప్పదు, నాకు తెలుసు.

[సభలోంచి ఒకరు: అన్నా, నాలుగుసార్లు బిగించి విప్పడం అంటే రోజంతా పోతుంది కదా?]

పోతుంది తమ్ముడూ. మాకు రెండు రోజులు పట్టింది. 60 వేలు పెట్టేముందు రెండు ఆదివారాలు పెద్ద ఖర్చు కాదు. నలుగురు కలిసి చేస్తే ఒకరు టీ పెడతారు, ఒకరు రాస్తారు, ఇద్దరు విప్పుతారు.

డ్రైవర్‌కి ఏది బిగించారో తెలియకూడదు, ఇది రెండో మందు. 1920లలో ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త పనిచేసేవాడు. అక్కడ ఒకావిడ, కప్పులో పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అనేది తాగి చెప్పగలను అంది. ఫిషర్ ఎనిమిది కప్పులు పెట్టాలన్నాడు, నాలుగు ఇలా, నాలుగు అలా, వరస కలిపేసి. ఊరికే ఊహించి చెప్తే మొత్తం సరిగ్గా కుదిరే అవకాశం 70లో ఒకటి. ఆ ఫిషర్ దగ్గరే మన సి.ఆర్. రావు గారు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివినాయన, కేంబ్రిడ్జ్‌లో 1948లో పీహెచ్‌డీ తీసుకున్నారు. ఇంత పెద్దవాళ్ళు టీ కప్పుకి పెట్టిన శ్రద్ధ మనం ప్రాణాలు పెట్టుకుని కొండలెక్కే షాక్‌కి పెట్టడానికి ఏం అడ్డం? మేం చేసిందేంటంటే, బిగించేటప్పుడు డ్రైవర్‌ని దూరంగా టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టాం, నాణెం ఎగరేసి మొదట ఏది బిగించాలో తేల్చుకున్నాం, బిగించినవాళ్ళు బండెక్కలేదు, ఎక్కితే మొహంలో తెలిసిపోతుంది. షాక్‌లకి గుడ్డ చుట్టి రంగు దాచేద్దాం అని ఒకరన్నారు, వద్దన్నాను, గుడ్డ చుడితే వేడి బయటికి పోదు, టెస్ట్ పాడవుతుంది. ఆ రోజు మా డ్రైవర్, మా అందరిలో బాగా నడిపేవాడు, చల్లటి రౌండ్లలో రెండింటినీ విడదీసి చెప్పలేకపోయాడు. వేడి రౌండులో మాత్రం వెంటనే చెప్పేశాడు. అప్పుడే నాకు అరగంట తిప్పే పద్ధతి మీద నమ్మకం కుదిరింది.

కొలత కోసం ఫోన్ చాలు. ఫోన్‌లో ఊపుని కొలిచే యాక్సిలరోమీటర్‌ని రికార్డ్ చేసే యాప్‌లు ఊరికే దొరుకుతాయి. కప్ హోల్డర్‌లో పెట్టకండి, అక్కడ ఫోన్ గంతులేస్తుంది, సీటు పట్టా బోల్టు దగ్గర నేలకి గట్టిగా టేప్ వేసి అంటించండి, అన్ని రౌండ్లకీ అదే ఫోన్, అదే చోటు. వచ్చిన దాంట్లో అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఏదో చూడకండి, అది ఒక్క రాయి వల్ల రావచ్చు, మొత్తం రౌండుకి ఆర్‌ఎంఎస్ అంటే ఒకరకం సగటు తీసుకోండి.

[సభలోంచి ఇంకొకరు: డైనో గ్రాఫులు ఉన్నాయి కదా సార్, కంపెనీలే ఇస్తున్నాయి, అవి చూసి కొనొచ్చు కదా?]

డైనో మంచిదే, నేను బతికిందే దాంతో. షాక్‌ని మిషన్‌కి బిగించి ఆడిస్తుంది, ఏ వేగానికి ఎంత బలం ఇస్తోందో గీస్తుంది. 50 మిల్లీమీటర్ల స్ట్రోక్, నిమిషానికి 100 సార్లు ఆడిస్తే పిస్టన్ వేగం ఎక్కువలో ఎక్కువ సెకనుకి 26 సెంటీమీటర్లు, ఆ వేగం దగ్గర ఒక చుక్క. ఇలా వేగాలు మార్చుకుంటూ పోతే గీత వస్తుంది. కానీ ఒక కంపెనీ గ్రాఫు పక్కన ఇంకో కంపెనీ గ్రాఫు పెట్టి చూడాలంటే ఆయిల్ ఎంత వేడి మీద తీశారో రెండిటి మీదా రాసి ఉండాలి, రాసి ఉండదు. ఒకరు 25 డిగ్రీల దగ్గర తీసి ఉండొచ్చు, ఇంకొకరు కాస్త ఆడించి వేడెక్కాక తీసి ఉండొచ్చు. రెండూ ఒకే డైనో మీద, ఒకే వేడిలో తీస్తేనే పోలిక. ఇంకో సంగతి, గ్రాఫులో బలం ఎక్కువుంటే మంచి షాక్ అని కాదు. బుల్ బార్, వించ్, రూఫ్ టెంట్ అన్నీ మోసే బండి కోసం వాల్వింగ్ చేసింది ఖాళీ జిమ్నీకి వేస్తే కొట్టి చంపుతుంది, అది ఆ షాక్ తప్పు కాదు. నాబ్ తిప్పి గట్టిదనం మార్చుకునేవి ఉంటాయి, వాటిని ఏ క్లిక్‌లో పోల్చాలి అంటే, ముందు దాన్ని మీ బండికి బాగున్న చోటికి తెచ్చుకోవడానికి టైమ్ ఇచ్చి ఆ తర్వాతే పోల్చాలి, డబ్బాలోంచి ఎలా వస్తే అలా బిగించి ఓడిపోయిందంటే అన్యాయం.

మన్నిక గురించి ఒక్క రోజులో ఎవరూ చెప్పలేరు. చెప్పే దారి ఒకటే, కొత్తగా ఉన్నప్పుడు డైనో మీద గీత తీసి దాచుకుని, 20 వేల కిలోమీటర్ల తర్వాత అదే షాక్‌ని మళ్ళీ తీయడం. మా దగ్గర అది ఇంకా పూర్తవలేదు.

[సభలోంచి: ఇవన్నీ చెయ్యలేనివాళ్ళు ఒక్కటే చెయ్యాలంటే ఏం చెయ్యాలి సార్?]

ఒక్కటే అయితే, తీసిన పాతవి మెకానిక్ దగ్గర వదిలెయ్యకండి. ఇంటికి తెచ్చి ఒక మూల నిలబెట్టండి, పడుకోబెట్టొద్దు. నెల రోజులు కొత్తవాటితో తిరిగాక పాతవి మళ్ళీ ఒక్క రోజు బిగించి అదే రోడ్డు మీదకి వెళ్ళండి. పాతవి బాగా అరిగిపోయి ఉంటే ఆ పోలిక కూడా న్యాయం కాదు, అప్పుడు కొత్త కంపెనీ షాక్‌లతో చూడాలి. నేను కొన్న జిమ్నీ కంపెనీ షాక్‌లు నాలుగూ ఇంట్లోనే ఉన్నాయి, పెద్దగా తిరగలేదు. జిమ్నీ ఉన్నవాళ్ళు ఎవరికి కావాలన్నా రెండు వారాలకి ఇస్తాను, బుష్‌లు కూడా కొత్తవి తెచ్చి పెట్టాను, బయటికెళ్ళేటప్పుడు ఆ టేబుల్ మీద పుస్తకంలో పేరు రాసి వెళ్ళండి. మొదటి పేరు మా బావమరిదిది, వాడు ఇప్పటికే రాసేశాడు.